ఆనెష్కా రికాబులు

ఒలొమౌత్స్, 3 మార్చి 1958

మామయ్యకి,

మీ మనవరాలు ఆనెష్కాకి నిన్నటితో ఏడు వారాలు నిండాయి. పాలు బాగా తాగుతోంది, నా మాట మాత్రం బొత్తిగా వినదు. అచ్చం మీ అబ్బాయి పోలిక. బోహుష్ సరిహద్దు దగ్గర పటాలంలో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడట. రెండేళ్ళ సైనిక సేవలో తనకి ఇంతవరకూ నేర్పింది అదొక్కటేనని రాశాడు.

ఇక అసలు సంగతి. మొన్న పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచి, పుస్తకం తెరిచినట్టు మెల్లగా రెండు పక్కలకీ విప్పింది. ఎడమ వైపు టక్కుమంది. నాకేమీ వినపడలేదు, ఆమె వేళ్ళకి తెలిసిందట. "తుంటి గిన్నె లోతు చాలలేదు. తొడ ఎముక తల బయటికి జారుతోంది, మళ్ళీ లోపలికి వెళ్తోంది" అంది.

"కొయ్యాలా?" అన్నాను.

"ఎందుకూ? రికాబులు తొడుగుదాం."

తొడిగారు. రాత్రీ పగలూ వాటిలోనే ఉండాలి, నెలల తరబడి. వారం వారం చూపించాలి. దానికీ ఎముక కుదురుకోకపోతే నడుం నుంచి పాదాల దాకా పిండికట్టు. అదీ పనిచెయ్యకపోతే అప్పుడు కత్తి.

ఇంట్లో ఎవరైనా కుంటుతూ నడుస్తారా అని అడిగింది. మా వైపు లేరన్నాను. మీ అక్క అపొలెనా అత్తయ్య నడక సంగతి నాకు తెలుసు గానీ, అది ఎందుకలా అయిందో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. అడగడానికి మొహమాటంగానే ఉంది. అయినా అడుగుతున్నాను.

మీ కోడలు,
లిబూష

—

హ్రుష్కొవిత్సె, 8 మార్చి

అమ్మాయ్ లిబూషా,

నలభై ఏళ్ళుగా జీన్లు కుడుతున్నాను. సైన్యంలో గుర్రాలకి కుట్టాను, పెళ్ళి బండ్ల గుర్రాలకి కుట్టాను, సర్కస్‌లో కోతి ఎక్కే పొట్టి గుర్రానికి కూడా కుట్టాను. ఏడు వారాల పిల్లకి రికాబులు తొడగమన్నవాళ్ళని మాత్రం చూడలేదు. ఇక్కడ మా సహకార వ్యవసాయ క్షేత్రం వాళ్ళు చివరి నాలుగు గుర్రాల్నీ అమ్మేసి ట్రాక్టర్లు కొన్నారు. అక్కడ పట్నంలో పసిపిల్లల్ని గుర్రం ఎక్కిస్తున్నారా? అక్క నిన్నటి నుంచి ఒకటే అడుగుతోంది, "ఆ గుర్రం ఎవరిదిరా, ఎక్కడ కట్టేశారు?" అని. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

మా వంశంలో కుంటివాళ్ళెవరూ లేరు. ఇది డాక్టరమ్మకి గట్టిగా చెప్పు. అక్క కాలి సంగతి వేరు, అది ఒత్రూబా వాళ్ళ పాపం. 1898 జనవరిలో అక్కకి నీళ్ళు చల్లించి పేరు పెట్టిన రోజున జ్ఞానస్నానంలో పిల్లని ఎత్తుకునే జ్ఞానతల్లి ఫిలొమెనా ఒత్రూబా చర్చి మెట్ల మీద మంచుకి జారి, చేతిలో ఉన్న పిల్లని పడేసింది. అక్క నడక మొదలుపెట్టింది లగాయతు కుంటే. ఆనాటి నుంచి వాళ్ళతో మాకు మాటల్లేవు. వాళ్ళింటి ముందు నుంచి చర్చికి నాలుగడుగులు. మేం మిల్లు చుట్టూ తిరిగి వెళ్తాం. వాళ్ళబ్బాయి పళ్ళ డాక్టరయ్యాడు. మా నాన్న పన్ను నొప్పితో మూడు రోజులు గిలగిల్లాడాడు గానీ ఆ గుమ్మం తొక్కలేదు, పక్క ఊరికి పోయి పీకించుకున్నాడు.

ఆ టక్కుమనేది కడుపులో గాలి అంటోంది అక్క. పొత్తిళ్ళకి చుట్టే కొత్త పట్టీ పంపుతోంది, కాళ్ళు తిన్నగా చాపి రోజుకి రెండుసార్లు బిగించి చుట్టమంటోంది. దాంతోపాటు గసగసాల బన్నులున్నాయి. అవి నీకు.

ఫ్లోరియాన్

—

ఒలొమౌత్స్, 12 మార్చి

మామయ్యా,

గుర్రం లేదు. అత్తయ్యకి ముందు అది చెప్పండి.

అవి పట్టీలు. రికాబులన్నది ఆసుపత్రిలో వాళ్ళు పిలుచుకునే పేరు. రొమ్ము చుట్టూ ఒక పట్టీ, భుజాల మీదుగా రెండు, వాటి నుంచి ఒక్కో కాలికీ ముందు ఒకటి, వెనక ఒకటి. పాదాలు వాటిలో పెట్టి ఉంటాయి, గుర్రం ఎక్కినవాళ్ళకి లాగే. మోకాళ్ళు మడిచి, తొడలు ఎడంగా, పిల్ల వెల్లకిలా పడ్డ కప్పలా ఉంటుంది. మొదటి రోజు చూసి ఏడ్చాను. రెండో రోజు నవ్వొచ్చింది. ఇప్పుడు మామూలు పిల్లల్ని చూస్తే వీళ్ళ కాళ్ళేమిటి ఇలా పుల్లల్లా ఉన్నాయి అనిపిస్తోంది.

బిగించి కట్టెయ్యడం కాదు మామయ్యా, అదే ఇందులో గొప్ప. కాళ్ళు పూర్తిగా చాపడం, దగ్గరికి తేవడం కుదరదు, అంతే. తన్నుకోవడానికి కావలసినంత వీలుంది. తన్నేకొద్దీ ఎముక తల గిన్నెలోకి సర్దుకుంటుందట, గిన్నె లోతవుతుందట. "వైద్యం చేసేది నేను కాదమ్మా, ఇదిగో ఈవిడే" అని డాక్టరమ్మ పిల్ల పాదం పట్టుకుని ఊపింది.

అందుకే ఆ పట్టీ తిప్పి పంపుతున్నాను. కాళ్ళు చాపి బిగించడమే ఇలాంటి తుంటికి పనికిరాదట. మొదటి నెల అత్తయ్య చెప్పినట్టే నేనూ పొద్దున్నా సాయంత్రం గట్టిగా చుట్టాను. డాక్టరమ్మ అడిగితే తల వంచుకునే ఒప్పుకున్నాను. "అన్ని ఇళ్ళలోనూ చుడతారు. ఇక మానెయ్" అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

జ్ఞానతల్లి కథ కూడా చెప్పాను. ఆమె నవ్వలేదు. పడితే ఎముక విరుగుతుంది, పిల్ల ఏడ్చి ఇల్లు పీకి పందిరేస్తుంది, నెల తిరిగేసరికి అతుక్కుంటుంది. నొప్పీ గోలా లేకుండా నడక నుంచే కుంటు వచ్చిందంటే అది పుట్టుకతో వచ్చిన తుంటే అయి ఉంటుంది, ఇంటి ఆడపిల్లల్లో ఇలా దిగుతూ వస్తుంది అంది. అంటే ఆనెష్కాది అత్తయ్య తుంటే. ఒత్రూబా వాళ్ళ తప్పేమీ లేదు.

ఈ ముక్క మాత్రం అత్తయ్యకి చదివి వినిపించకండి.

లిబూష

—

హ్రుష్కొవిత్సె, 18 మార్చి

లిబూషా,

నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం మొదట రాయవలసింది.

అక్క కళ్ళజోడు పొయ్యి మీద సూప్‌లో పడి అద్దం పగిలింది. కాబట్టి ఉత్తరాలన్నీ నేనే గట్టిగా చదువుతున్నాను. గుర్రం లేదన్నప్పుడు ఊపిరి పీల్చుకుంది. కప్ప అన్నప్పుడు నవ్వింది. పట్టీ తిప్పి పంపావన్నప్పుడు మూతి ముడిచింది. తర్వాత నేను అదే ఊపులో చదువుకుంటూ పోయి, "వినిపించకండి" అన్నదాన్ని కూడా వినిపించి, అప్పుడు ఆగాను.

రెండు రోజులు ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా ప్రాంతపు కంపు జున్నూ రొట్టే తిన్నాను. మూడో రోజు నోరు విప్పి, "ఆ డాక్టరమ్మ పుట్టింటివాళ్ళెవరో కనుక్కో" అంది. ఆమె ఒత్రూబా వాళ్ళకి దూరపు బంధువై ఉంటుందని అనుమానం. "లేకపోతే ఆ ఫిలొమెనాని అంతగా వెనకేసుకొస్తుందా?" నేనన్నాను, "అక్కా, ఆవిడకి ఫిలొమెనా ఎవరో కూడా తెలీదు." "నీకు జీన్ల గురించి తెలుసు, వాటి గురించే మాట్లాడు" అంది.

సరే, వాటి గురించే మాట్లాడతాను. ఈ నెలాఖరు ఆదివారం వస్తున్నాను. మోకాళ్ళ వెనక పట్టీ ఒరిసి ఎర్రబడుతోందని బోహుష్‌కి రాశావట, వాడు నాకు రాశాడు. ఒరుపుకి మందు నా సంచీలో ఉంది. చివరికి నా వృత్తికి మా ఇంట్లోనే ఒక రౌతు దొరికింది.

ఫ్లోరియాన్

—

ఒలొమౌత్స్, 2 ఏప్రిల్

మామయ్యా,

కోపం మీద రాస్తున్నాను. తగ్గాక రాద్దామనుకున్నాను గానీ తగ్గడం లేదు.

పట్టీలకి మీరు లోపల మెత్తటి ఫ్లానెల్ కుట్టిన తీరు చూసి ఆసుపత్రిలో నర్సులంతా చేరి మెచ్చుకున్నారు. ఒరుపు మాయమైంది. అంతవరకూ బంగారం. కానీ ఎడమ కాలి ముందు పట్టీ బకిల్ రెండు కన్నాలు ముందుకి ఎందుకు జరిపారు? నేను టీ పెట్టడానికి వెళ్ళిన ఆ కాసేపట్లోనే కదా? అది ఎక్కడుండాలో డాక్టరమ్మ సిరాతో గుర్తు పెట్టింది. దాని మీదే మీరు కొత్త గుడ్డ కుట్టేశారు, అందుకే నాకు తెలియలేదు.

నిన్న మంగళవారం పిల్లకి గుడ్డ మారుస్తుంటే కుడి కాలు తంతోంది, ఎడమది కదలడం లేదు. చక్కిలిగిలి పెట్టాను. వేళ్ళు ముడుస్తోంది గానీ మోకాలు చాపడం లేదు. ఎత్తుకుని పరిగెత్తాను. ఆసుపత్రి మెట్ల మీద నా చెప్పు ఒకటి పోయింది, వెనక్కి వెళ్ళి వెతకలేదు.

"ఎవరు బిగించారు?" అంది డాక్టరమ్మ. తొడ మరీ పైకి మడుచుకుపోతే అక్కడ నరం నలుగుతుందట. రికాబులు విప్పేసింది. కాళ్ళ మధ్య మూడు మడతల వెడల్పు గుడ్డ పెట్టి పంపింది. కాలు కదలడం మొదలెడితే మళ్ళీ తొడుగుతుందట. చాలామందికి కదులుతుందట, కొన్ని రోజులు పట్టొచ్చు, వారాలూ పట్టొచ్చు. ఈలోపు తుంటి జారితే పిండికట్టే.

గుర్రం లేదని మొదటి వాక్యంలోనే రాశాను కదా.

లిబూష

—

హ్రుష్కొవిత్సె, 8 ఏప్రిల్

లిబూషా,

తప్పు నాది. ఇంకెవరిదీ కాదు.

జీను వదులైతే వీపు ఒరుస్తుంది. నలభై ఏళ్ళలో ఎప్పుడు వదులుగా కనిపించినా నా చెయ్యి దానంతట అది బిగిస్తుంది. ఆలోచించి చేసింది కాదు. ఆలోచించకపోవడమే తప్పు. నువ్వు టీ తెచ్చేసరికి చెప్పాలనుకున్నాను. నువ్వు ఫ్లానెల్ చూసి మెచ్చుకున్నావు, ఆ సంతోషంలో మర్చిపోయాను.

నిన్న ఈస్టర్ సోమవారం. ఆ రోజు మగపిల్లలు ఆడపిల్లల్ని సరదాగా తట్టే విల్లో కొమ్మల కొరడాలు ప్రతి ఏడూ ఊరంతటికీ అల్లేది నేనే. ఈసారి తలుపు తియ్యలేదు. తోలుకి కన్నాలు పొడిచే ఆర చేత్తో పట్టుకోబుద్ధి కావడం లేదు.

అక్క ఇవాళ పొద్దున్నే బస్సెక్కింది. ఎక్కడికి అంటే, "నువ్వు పాడుచేసినదాన్ని చూడ్డానికి" అంది. చంకలో పెద్దబాతు. చంపాకే తీసుకెళ్ళమన్నాను, విన్లేదు. ఈ ఉత్తరం కన్నా ముందు ఆ రెండూ నీ గుమ్మంలో ఉంటాయి.

కాలు కదిలితే ఒక్క ముక్క రాయి. కదలకపోయినా రాయి.

ఫ్లోరియాన్

—

ఒలొమౌత్స్, 14 ఏప్రిల్

మామయ్యా,

కదిలింది!

శుక్రవారం పొద్దున. అత్తయ్య బాతుని వచ్చిన రోజే కోసింది. ఆ గోలకి నాలుగో అంతస్తు వాళ్ళు ఇంకా నాతో మాట్లాడడం లేదు. బాతు రెక్క ఈకతో రోజుకి ఇరవైసార్లు పిల్ల ఎడమ పాదం గీరేది. "ఏమే, నా కాలే నీకూ వచ్చిందిటే? రానివ్వను" అని దానితో పోట్లాడేది. శుక్రవారం అలాగే పోట్లాడుతుంటే ఆ కాలు ఒక్కసారి చాచి తన్నింది. కొత్త కళ్ళజోడు ఎగిరి బాతు కొవ్వు గిన్నెలో పడింది. అద్దం పగల్లేదు. పగిలినా అత్తయ్య పట్టించుకునేది కాదు, "మళ్ళీ తన్నవే, మళ్ళీ తన్ను" అని మొహం ఎదురుగా పెట్టి కూచుంది.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి వెళ్ళాం. తుంటి జారలేదు. రికాబులు మళ్ళీ తొడిగారు, పాత గుర్తుకే.

అంతా అయ్యాక అత్తయ్య లేవలేదు. "నాదీ చూడమ్మా" అంది. డాక్టరమ్మ ఆవిడని బల్ల మీద పడుకోబెట్టి చూసింది, ఎక్స్‌రే తీయించింది. నల్లటి ఫిల్మ్ వెలుతురుకి పెట్టి చూపించింది. ఎముక తల ఉండాల్సిన చోట లేదు, పైకెక్కి వేరే చోట తనకంటూ ఒక గుంట తవ్వుకుంది.

"అయితే ఫిలొమెనా నన్ను పడెయ్యలేదా?"

"పడేసిందో లేదో నేను చూడలేదు. పడేసినా కాలు ఇలా కాదు. ఇది పుట్టుకతోది. అప్పట్లో ఈ పట్టీలు ఉండి ఉంటే, మీకూ తొడిగేవాళ్ళం."

అత్తయ్య ఆ ఫిల్మ్ మీద గుంట ఉన్నచోట వేలు పెట్టింది. తర్వాత మెల్లగా, "అరవై ఏళ్ళు మిల్లు చుట్టూ తిరిగాను. ఈ కాలితోనే" అంది.

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. బయటికొచ్చాక అత్తయ్య ఒక నర్సుని పట్టుకుని డాక్టరమ్మ పుట్టింటి పేరు మాత్రం అడిగి తెలుసుకుంది. ఒత్రూబా కాదు.

నేనూ ఎక్కువ అన్నాను మామయ్యా. కోపం తగ్గింది. ఆర తియ్యండి.

లిబూష

—

హ్రుష్కొవిత్సె, 29 ఏప్రిల్

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి నేనేం చేశానో రాయను. తలుపేసుకుని చేశాను.

అక్క వచ్చాక పది రోజులు ఎప్పటిలాగే మిల్లు చుట్టూ తిరిగింది. మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ మిల్లు వైపు తిరగకుండా తిన్నగా నడిచింది. బజారంతా ఆగి చూసింది. నేను వెనకాలే వెళ్ళాను, ఎందుకైనా మంచిదని.

ఫిలొమెనాకి ఎనభై నాలుగు. కిటికీ దగ్గర కూచుని ఉంది. మమ్మల్ని చూసి పైకి లేవబోయింది, అక్క కూర్చోమంది. తనే నిలబడి, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది: "పిన్నీ, పట్నంలో నా ఎముక ఫొటో తీశారు. నేను పుట్టడమే అలా పుట్టానట. నీ చేతుల తప్పు కాదు."

ముసలావిడ చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని మళ్ళీ చెప్పమంది. అక్క మళ్ళీ చెప్పింది. వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది.

అప్పుడు తెలిసింది లిబూషా. ఆ రోజు ఫిలొమెనా జారిన మాట నిజమే, మోకాలి మీద పడింది. పిల్లని మాత్రం గుండెలకి హత్తుకునే ఉంది, వదల్లేదు. కానీ ఊరంతా పడేశావంటే, నిజంగానే వదిలేశానేమో అని తనకే అనుమానం వచ్చేసింది. ఆ తర్వాత తన పిల్లలైదుగురినీ, మనవల్నీ కూచుని తప్ప ఎత్తుకోలేదట. నిలబడి ఎత్తుకుంటే వదిలేస్తానేమోనని భయమట.

అక్క పక్కన కూచుని ఆవిడ రెండు చేతులూ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. నేను టోపీ చేత్తో తిప్పుకుంటూ పిల్లి వంక చూశాను. ఆ ఇంట్లో పిల్లి చాలా లావుగా ఉంది.

ఇప్పుడు రోజూ అక్కడే. అరవై ఏళ్ళ ఊసులు బాకీ ఉన్నాయట. నా భోజనం సంగతి ఎవరికీ పట్టలేదు, మళ్ళీ కంపు జున్నే.

ఫ్లోరియాన్

—

ఒలొమౌత్స్, 20 జులై

మామయ్యా,

శుక్రవారం రికాబులు తీసేశారు. ఎక్స్‌రేలో ఎడమ గిన్నె కుడిదానితో సమంగా లోతు వచ్చింది. డాక్టరమ్మ రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి, "ఇది మార్చి, ఇది జులై" అంది. నడక వచ్చేదాకా మధ్య మధ్య చూపించాలి.

విప్పాక పిల్ల ఏం చేసిందనుకున్నారు? కాళ్ళు మళ్ళీ కప్పలా మడిచి అలాగే పడుకుంది. మేమంతా ఎదురుచూస్తున్నాం, తను పైకప్పు చూస్తోంది. కాసేపటికి ఒక కాలు చాపి చూసుకుంది, నచ్చలేదు, మడిచేసింది. నర్సు పడీ పడీ నవ్వింది.

డాక్టరమ్మ మీకో మాట చెప్పమంది. ఇలాంటి పిల్లలు వారానికి నలుగురైదుగురు వస్తారు, అందరికీ మోకాళ్ళ వెనక ఒరుస్తోంది. మీరు కుట్టినట్టు లోపల ఫ్లానెల్ కుట్టి పంపగలరా అంది. "కన్నాలూ బకిళ్ళూ నేను చూసుకుంటాను. ఆయన వాటి మీద చెయ్యి వేస్తే నేనే బస్సెక్కి వస్తాను" అంది. నవ్వుతూనే అంది గానీ వచ్చేలాగే ఉంది.

ఆగస్టు నుంచి ఫ్యాక్టరీకి వెళ్ళాలి. పిల్లల సంరక్షణ కేంద్రంలో చోటు లేదు. బోహుష్ వచ్చేదాకా పిల్లని మీ దగ్గర ఉంచి, శనివారం శనివారం నేను వస్తాను. అత్తయ్య కాళ్ళు చాపి చుట్టనని ముందు నాకు రాసివ్వాలి.

మీ కోడలు

—

హ్రుష్కొవిత్సె, 25 ఫిబ్రవరి 1959

లిబూషా,

ఈ సంగతి నీకు రాయనని అక్క ముందు ఒట్టు వేశాను. అక్క ఇప్పుడు ఫిలొమెనా ఇంట్లో ఉంది కాబట్టి రాస్తున్నాను.

నిన్న ఆనెష్కా నడిచింది.

నా పనిగదిలో బల్ల పట్టుకుని నిలబడి ఉంది. చుట్టూ ఆసుపత్రికి పంపాల్సిన పట్టీలు. నేను చూస్తుండగానే బల్ల వదిలేసింది. నాలుగడుగులు వేసి కూలబడింది. నేను అరిచిన అరుపుకి అక్క వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది.

పిల్లని మళ్ళీ నిలబెట్టాం. నేను ఎదురుగా కూచుని చేతులు చాపాను. అక్క మాత్రం ఎదురుగా రాలేదు. వెనక్కి వెళ్ళి నేల మీద కూచుంది. "ఇటొచ్చి మొహం చూడక్కా" అన్నాను. "మొహంతో నాకేం పని? కుంటు వెనక నుంచే తెలుస్తుంది. జనం నన్ను చూసింది అటు నుంచే" అంది.

పిల్ల వచ్చింది. సారా కొట్టులోంచి వచ్చినవాడిలా ఊగుతూ వచ్చింది. ఏడడుగులు. నా ఒళ్ళో పడింది. తలెత్తి చూస్తే అక్క గరిటె నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏమయింది? కుంటుతోందా?" అన్నాను. నా ప్రాణం పోయింది.

"ఊగుతోంది" అంది. "రెండు పక్కలకీ సమంగా ఊగుతోంది."

తర్వాత పిల్లని చెరో చెయ్యీ పట్టుకుని పెరడంతా నడిపించాం. అక్క ప్రతి నాలుగడుగులకీ వెనక్కి వెళ్ళి మళ్ళీ చూసేది.

శనివారం నువ్వు వచ్చాకే పిల్ల మొదటిసారి నడుస్తుందని మేం నిర్ణయించాం. తల్లి చూడకుండా నడిస్తే అది నడక కింద లెక్క కాదని అక్క వాదన. నువ్వు గుమ్మంలోకి రాగానే మేం ఏమీ ఎరగనట్టు కూచుంటాం. పిల్ల బల్ల వదిలి నీ వైపు వస్తుంది. నువ్వు తెల్లబోవాలి. అక్క నీ మొహమే చూస్తూ ఉంటుంది, నటిస్తే పట్టేస్తుంది, అప్పుడు నా పని అయిపోతుంది. బస్సులో కాస్త సాధన చేసుకుని రా.

అక్కర్లేదులే. నువ్వు చూశాక మొహం దానంతట అదే అలా అవుతుంది. నాది నిన్న మధ్యాహ్నం నుంచీ ఇంకా మామూలుకి రాలేదు.

మామయ్య